పట్టుబడి రోజున బయటపడే భక్తి



మన తీరంలో ఏ సంఘానికి వెళ్ళినా ప్రార్థన మనవుల్లో ఈమధ్య ఒకే మాట వినబడుతోంది. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, ఎటు పోయినా అంతే. "అయ్యగారూ, రొయ్య రేటు కోసం ప్రార్థన చేయండి" అంటారు. పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఆరోగ్యం అన్నీ దాని తర్వాతే. రేటు పడిపోతే బడి ఫీజు ఆగుతుంది, చిట్టీ ఆగుతుంది, ఆసుపత్రికి వెళ్ళడం వాయిదా పడుతుంది. అందుచేత ఆ మనవిని చిన్నచూపు చూడకూడదు. దేవుని ముందు అనుదినాహారం అడగడం ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఉన్న సంగతే.

అయితే ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. రేటు కోసం ఇంత ప్రార్థన చేస్తున్న మనం, రేటు పడినప్పుడు మన ప్రవర్తన ఏమవుతుందో ఎప్పుడైనా ప్రార్థనలో పెట్టామా? ఈ వారం ఆ సంగతి ఆలోచిద్దాం.

నష్టం ఎవరి చేతికి చేరుతుంది?

ముందు వార్తను చూద్దాం. 2025 ఆగస్టు 27 నుండి అమెరికా ప్రభుత్వం మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్యల మీద అంతకుముందే ఉన్న ఇతర సుంకాలు దీనికి అదనం. మన రొయ్యలకు అన్నిటికంటే పెద్ద మార్కెట్టు అమెరికాయే. 2024-25లో మన దేశం నుండి సుమారు 62 వేల కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి అయితే, అందులో రొయ్యల వాటా సుమారు 43 వేల కోట్లు. మన దేశంలో చెరువుల్లో పండే రొయ్యల్లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్‌దే. సుంకాల లెక్కలు ఆ తర్వాత మారవచ్చు, మళ్ళీ పెరగవచ్చు, తగ్గవచ్చు. ఎక్కడో సముద్రాల అవతల ఒక సంతకం పడితే ఇక్కడ చెరువు గట్టు మీద ఉన్న మనిషి గుండె జారుతుందన్నది మాత్రం ఆ ఆగస్టులో మనందరికీ అర్థమైంది.

ఆ భారం ఎలా దిగుతుందో గమనించండి. విదేశంలో కొనేవాడు ఎగుమతి కంపెనీని ధర తగ్గించమంటాడు. కంపెనీ ఏజెంటుకు చెబుతుంది. ఏజెంటు రైతు దగ్గర కౌంట్‌కు ఇంత అని కోస్తాడు. రైతు చాలాసార్లు సొంత భూమి ఉన్నవాడు కాదు, లీజుకు తీసుకున్నవాడు. లీజు ముందే కట్టేశాడు. మేత అప్పు తెచ్చాడు. కరెంటు బిల్లు, ఏరియేటర్లకు డీజిలు ఆపడానికి లేదు. ఇక అతని చేతిలో మిగిలింది ఏమిటి? చెరువు కాపలా ఉన్న కుటుంబం జీతం, పట్టుబడికి వచ్చిన వలల వాళ్ళ కూలి. అటు ప్లాంట్లలో రొయ్య వలిచే అక్కచెల్లెళ్ళకు పని దినాలు తగ్గుతాయి. వాళ్ళ కింద ఇంకెవరూ లేరు. నష్టాన్ని కిందికి నెట్టే వీలున్న ప్రతివాడూ నెడతాడు. నెట్టే వీలు లేనివాడి దగ్గరే అది ఆగుతుంది.

ఈ వరుసలో ప్రతి మెట్టు మీదా మన విశ్వాసులు ఉన్నారు. ఏజెంటు మన సంఘ సభ్యుడే. లీజు రైతు మన సంఘ పెద్దే. కాపలా మనిషి వెనుక చాప మీద కూర్చునేవాడే. రొయ్య వలిచే అక్క మన స్త్రీల సమాజంలో పాడే ఆమే. ఆదివారం అందరూ ఒకే రొట్టెలో పాలుపొందుతారు. సోమవారం ఒకరి నష్టం ఒకరి మీద పడుతుంది. క్రైస్తవ సద్గుణాలు అనే మాటకు మన తీరంలో అర్థం వెతకాలంటే ఈ రెండు రోజుల మధ్యే వెతకాలి.

న్యాయమైన ధర అడగడం, సుంకాల విషయంలో ప్రభుత్వాలను కదిలించడం, రైతు సంఘాలతో కలిసి నిలబడటం తప్పు కాదు. సాత్వికం అంటే నోరు మూసుకోవడం అని లేఖనం ఎక్కడా చెప్పలేదు. కానీ పైవాడిని న్యాయం అడిగే నోటితోనే కిందివాడికి న్యాయం చేయాలి. ఈ వ్యాసం ఆ రెండో సగం గురించి.

ఇది మొదటి దెబ్బ కాదు

పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య మన తీరానికి డబ్బు తెచ్చింది. వరి పొలాలు చెరువులయ్యాయి. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులకు చెరువులు తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగుపై పెద్ద తీర్పు ఇచ్చింది. ఉప్పునీరు చేరి మంచినీళ్ళ బావులు, పక్క పొలాలు పాడవుతున్నాయన్న ఫిర్యాదు ఆ కేసులో ముఖ్యమైనది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వెనామీకి అనుమతి దొరికాక మళ్ళీ మంచి రోజులు వచ్చాయి.

ఆ మంచి రోజుల్లో మన సంఘాలు ఏమి చేశాయి? మందిరాలు కట్టాయి, స్లాబులు వేశాయి, సౌండు సిస్టములు కొన్నాయి. వాటిలో తప్పులేదు. కానీ పక్కవాడి బావి ఉప్పబారిందని ఒక్క సంఘ కమిటీ అయినా మాట్లాడిందా? కానుక పళ్ళెంలో పడిన నోటు ఏ చెరువు నుండి, ఏ కూలివాడి లెక్క తేలకుండా వచ్చిందని అడిగామా? నేనైతే అడగలేదు.

పదేళ్ళ కిందటి మాట. ఒక సహోదరుడు తన చెరువు పట్టుబడి రోజున ప్రార్థనకు పిలిచాడు. తెల్లవారుజామునే వెళ్ళాను. వల లాగుతున్నారు, ట్రేలలో ఐసు వేస్తున్నారు. మంచి కౌంట్ వచ్చింది, అందరి ముఖాల్లో సంతోషం. ప్రార్థన ముగించి ఆమేన్ అనగానే గట్టు మీద షెడ్డులో ఉండే కాపలా మనిషి దగ్గరకు వచ్చి, చేతులు కట్టుకుని, "అయ్యగారూ, మా రెండు నెలల జీతం సంగతి కూడా ప్రార్థనలో పెట్టండయ్యా" అన్నాడు. యజమాని పక్కనే ఉన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత టిఫిను తిని, కానుక కవరు తీసుకుని వచ్చేశాను.

ఆ మనిషి నన్ను ప్రార్థన అడగలేదని ఇప్పుడు తెలుస్తోంది. ఒక్క మాట అడగమన్నాడు. ఆ మాట అడగడానికి నాకు ఖర్చేమీ లేదు, ఆ ఇంట్లో ఉన్న గౌరవం తప్ప. యాకోబు పత్రిక 5వ అధ్యాయం 4వ వచనం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. చేను కోసిన పనివారికి ఇవ్వని కూలి తానే మొరపెడుతుందని, ఆ మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిన పడుతుందని అక్కడ ఉంది. ఆ రోజు ఆ మొర ముందు నా చెవినే పడింది.

కాలువ గట్టున ఒక సాక్ష్యం

మన ఊళ్ళ పక్కన సముద్రానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ ఉంది. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయి, తూటికాడతో నిండి ఉంటుంది. ఆ కాలువ తవ్వకంలో మన సంఘ చరిత్ర కొంత ఉందన్న సంగతి మన పిల్లలకు తెలియదు.

1876-78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. ఆ రోజుల్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అక్కడ సేవ చేస్తున్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ దొర యౌవనంలో అమెరికాలో సర్వే పని నేర్చినవాడు. ఆకలితో చచ్చిపోతున్న జనానికి పని చూపించడానికి ఆయన ప్రభుత్వం దగ్గర మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పనికి వచ్చినవారిలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవారు. ఊరి బయట బతికే ఆ మనుషులు తమను తిట్టని, కొట్టని మేస్త్రీల కింద పని చేశారు.

ఆ కరువు రోజుల్లో ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగినా క్లఫ్ ఇవ్వలేదు. సుమారు 15 నెలలు ఆపాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, వారి నిర్ణయం స్వచ్ఛంగా ఉండాలని ఆయన ఉద్దేశం. సహాయ పనులు ముగిశాకనే బాప్తిస్మాలు మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంవత్సరం ముగిసేలోగా ఆ సంఖ్య తొమ్మిదివేలు దాటింది.

మనం ఉత్సవ సభల్లో 2,222 అనే అంకె చెప్పుకుని చప్పట్లు కొడతాం. దానికి ముందున్న 15 నెలలను వదిలేస్తాం. మట్టి తట్టల లెక్క సరిగా వేయడం, కూలి సరిగా ఇవ్వడం, ఆకలిగొన్నవాడి అవసరాన్ని సొంత లాభానికి, చివరకు మిషను లాభానికైనా వాడుకోకపోవడం, ఇవి ఆ నెలల్లో జరిగిన పనులు. ఆ బోధకులు కాలువ గట్టు మీద విశ్రాంతి వేళల్లో చెప్పిన వాక్యాన్ని జనం నమ్మారంటే, పొద్దంతా వాళ్ళ ప్రవర్తన చూశారు గనుక నమ్మారు.

ఆశానిగ్రహం, నమ్మకత్వం గట్టు మీద ఎలా ఉంటాయి?

గలతీ పత్రిక 5వ అధ్యాయంలోని ఆత్మ ఫలాన్ని సండే స్కూలు పిల్లలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు. ప్రేమ, సంతోషం, సమాధానం, దీర్ఘశాంతం, దయాళుత్వం, మంచితనం, విశ్వాసం, సాత్వికం, ఆశానిగ్రహం. కంఠస్థం మంచిదే. వాటిని మన పనిలోకి దించి చూద్దాం.

కౌంట్ తీసే చోట. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో దాన్నిబట్టి ధర. గంపలో చేయి పెట్టి చిన్నవి ఏరి తీస్తే కౌంట్ పెరుగుతుంది, రైతు నష్టపోతాడు. పెద్దవి ఏరి పైన పెడితే కొనేవాడు నష్టపోతాడు. నీళ్ళు వార్చకుండా తూచితే ఒకరికి లాభం, ఎక్కువ వార్చి తరుగు తీస్తే ఇంకొకరికి లాభం. సామెతలు 11:1 దొంగ త్రాసు సంగతి చెబుతుంది. లేవీయకాండం 19వ అధ్యాయం తూకాన్ని, కొలతను దేవుని పరిశుద్ధతతో ముడిపెడుతుంది. మన తీరంలో ఆ త్రాసు ఎలక్ట్రానిక్ కాటా రూపంలో ఉంది. ఆ కాటా దగ్గర నిలబడిన విశ్వాసి చేతిని చూసి దేవుడెవరో నిర్ణయించుకునేవాళ్ళు చాలామంది ఉంటారు.

మందు దగ్గర. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి రొయ్యల సాగులో నిషేధం. వీటి అవశేషాలు బయటపడితే విదేశీ రేవుల్లో సరుకు తిప్పికొడతారు. మన సరుకులో తనిఖీ చేసే భాగాన్ని యూరప్ దేశాలు 2016లో 10 శాతం నుండి 50 శాతానికి పెంచాయి. తెల్లమచ్చ తెగులు వైరస్ వల్ల వచ్చేది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా భయంలో ఎవరో చెప్పిన డబ్బా తెచ్చి కలుపుతారు, అడిగితే వాడలేదంటారు. ఆ అబద్ధం వల్ల తిప్పికొట్టిన కంటైనరులో నిజాయితీగా పండించిన పొరుగువాడి రొయ్య కూడా ఉండవచ్చు. ఎక్కడో ఒక ముఖం తెలియని బిడ్డ పళ్ళెంలోకి ఆ మందు చేరవచ్చు. పొరుగువాడు ఎవడని ధర్మశాస్త్రోపదేశకుడు యేసుప్రభువును అడిగాడు. మనం ఏమని జవాబు చెబుదాం?

నీళ్ళు వదిలే చోట. నా మట్టుకు నాకు ఇదే అన్నిటికంటే కఠినమైన పరీక్ష. చెరువులో తెగులు కనబడింది. రాత్రికి రాత్రే తూము ఎత్తి నీళ్ళు కాలువలోకి వదిలేస్తే తన పని తేలిక. బ్లీచింగ్ చల్లి, నీళ్ళు కొన్నాళ్ళు నిలిపి, చచ్చినవాటిని పూడ్చి, అప్పుడు వదలాలంటే ఖర్చు, ఆలస్యం. పైగా తెగులు వచ్చిందని చెబితే ఏజెంటు రేటు ఇంకా కోస్తాడు. కానీ అదే కాలువ నుండి పక్క రైతు పొద్దున్నే మోటారు వేసి నీళ్ళు తోడుకుంటాడు. అతనికి ఒక్క ఫోను చేయడం పొరుగువాని ప్రేమించడం. చీకట్లో తూము ఎత్తినవాడు ఉదయకాల ప్రార్థనలో ఎంత గట్టిగా స్తుతించినా, ఆ నీళ్ళు ఎటు పోతున్నాయో దేవునికి తెలుసు.

కూలి దగ్గర. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం పొద్దు గ్రుంకకముందే కూలి ఇమ్మంటుంది. బీదవాడు దాని మీదే ఆశ పెట్టుకున్నాడని కారణం కూడా చెబుతుంది. నష్టం వచ్చిన పంటలో కూడా కూలివాడి కష్టం నష్టపోలేదు. రాత్రి ఏరియేటరు ఆగితే లేచి పరుగెత్తింది అతనే. అప్పులవాళ్ళకు భయపడి వాళ్ళకు ముందు కట్టి, భయపెట్టలేనివాణ్ణి ఆపేయడం మన అలవాటు. మనం ఎవరికి భయపడుతున్నామో మన చెల్లింపుల వరుసను చూస్తే తెలిసిపోతుంది.

రైతు కష్టం తెలియక నేను ఇవన్నీ రాయడం లేదు. అప్పుల్లో కూరుకుని నిద్రపట్టని సహోదరుల పక్కన కూర్చున్నాను. అలాంటివారికి సంఘం ముందు ఆదరణ ఇవ్వాలి, తర్వాతే హితబోధ. నిజంగా ఇవ్వలేని స్థితిలో ఉన్నవాడు కూలివాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని లెక్క చూపించి, ఇంత ఇప్పుడు, ఇంత ఫలానా తేదీన అని చెప్పవచ్చు. ముఖం చాటేయకపోవడం కూడా నమ్మకత్వమే.

రోజుకు ఒక రూపాయి

ఈ గుణాలు ఎలా వస్తాయి? ఒక్క ఉజ్జీవ సభతో రావు. రేటు పడిన రోజున వెతుక్కుంటే దొరకవు. చెరువు ఎండగట్టి, దున్ని, సున్నం చల్లి, నీళ్ళు సిద్ధం చేశాకే సీడ్ వదులుతాం. మనుషుల గుణాలకు కూడా ముందస్తు తయారీ కావాలి. పేతురు తన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో విశ్వాసానికి సద్గుణాన్ని, దానికి జ్ఞానాన్ని, దానికి ఆశానిగ్రహాన్ని ఒకదాని తర్వాత ఒకటి పూర్ణ జాగ్రత్తతో అమర్చుకోమన్నాడు.

దీనికి మన జిల్లాలోనే ఒక పాఠం ఉంది. 1990ల ఆరంభంలో అక్షరదీపం రాత్రి బడుల్లో చదువు నేర్చుకున్న స్త్రీలు సారా మీద ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రాకుండా నిలబడ్డారు. ఉద్యమం జిల్లా అంతటా, తర్వాత రాష్ట్రమంతటా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది. చట్టం వచ్చింది, పోయింది. కానీ ఆ ఉద్యమంలో నుండి పుట్టిన పొదుపు అలవాటు నిలిచింది. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకున్న ఆ స్త్రీల గుంపుల తరువాతి తరమే ఇప్పుడు మన ఊళ్ళలోని పొదుపు సంఘాలు. ఒకరి ముందు ఒకరు లెక్క చెప్పుకోవడం వాళ్ళను కాపాడింది. వాళ్ళలో అన్ని మతాల స్త్రీలూ ఉన్నారు. దేవుడు మనకు పాఠం చెప్పడానికి మన గోడల లోపలివారినే వాడుకోవాలన్న నియమం ఏమీ లేదు.

మన సంఘాల్లో కూడా ఇలాంటి చిన్న అలవాట్లు పెట్టుకోవచ్చు. పట్టుబడి ప్రార్థనకు పిలిచినప్పుడు కాపరి మొదట అడగవలసింది పనివాళ్ళ లెక్క తేలిందా అని. పిలిచేవాళ్ళకు ఇది ముందే తెలిస్తే ఎవరికీ అవమానం ఉండదు. ఒకే కాలువ నీళ్ళు వాడుకునే విశ్వాసులు, అవిశ్వాసులన్న తేడా లేకుండా, తెగులు కనబడితే వెంటనే ఒకరికొకరు చెప్పుకుంటామని మాట ఇచ్చుకోవచ్చు. పని దినాలు తగ్గిన కుటుంబాలకు నెలకు ఇంత బియ్యం అని సంఘం కానుకలో నుండి తీసి పెట్టవచ్చు, పేర్లు చదవకుండా. ఇంటి దగ్గర పిల్లలు కొట్టుకు వెళ్ళి చిల్లర ఎక్కువ తెస్తే వెనక్కి పంపించవచ్చు. పదేళ్ళప్పుడు ఐదు రూపాయలు వెనక్కి ఇచ్చిన చేయి, ముప్పై ఏళ్ళప్పుడు కాటా దగ్గర తడబడదు.

జక్కయ్య చెట్టు దిగి ప్రభువును ఇంటికి తీసుకువెళ్ళాడు. ఆ రోజు అతని నోట వచ్చిన మాటలు లెక్కల మాటలే. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నది ఎన్ని రెట్లు తిరిగి ఇవ్వాలి అన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు చెప్పింది ఆ లెక్కలు విన్నాకనే.

ఆ కాపలా మనిషి కుటుంబం ఆ తర్వాత వేరే చెరువుకు మారిపోయింది. వాళ్ళకు రావలసిన జీతం వచ్చిందో లేదో నేను తెలుసుకోలేదు. ఈ తీరంలో ఎక్కడైనా అతను ఈ మాటలు వింటే నన్ను క్షమించమని అడుగుతున్నాను. ఇకపై ఏ గట్టు మీద ప్రార్థనకు నిలబడినా, కళ్ళు మూసుకోకముందు ఆ ప్రశ్న అడుగుతాను. తోటి కాపరులారా, మీరూ అడగండి. రేటు కోసం ప్రార్థన మానవద్దు. రేటు ఎలా ఉన్నా మన త్రాసు, మన నోరు, మన చేయి మారకుండా ఉండాలని కూడా ఆ ప్రార్థనలో కలపండి.

మన ప్రభువైన యేసుక్రీస్తు కృప మీ ఇళ్ళకు, మీ చెరువులకు, మీ దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరికీ తోడైయుండును గాక. ఆమేన్.